కొండ రూటు నిండిన రోజు

ఆ ఊళ్ళో సర్కారు బస్సు ఒకటి కొండెక్కేది. మొదటి మలుపులో మూలిగేది, రెండో మలుపులో దగ్గేది, మూడో మలుపు వచ్చేసరికి లోపల కూర్చున్నవాళ్ళంతా తామే తోస్తున్నట్టు ఊపిరి బిగబట్టేవాళ్ళు. పైన కాలనీ. ఒకప్పుడు రాయి కొట్టడానికి వచ్చినవాళ్ళు కట్టుకున్న ఇళ్ళు అవి. రాయి అయిపోయింది, మనుషులు మిగిలారు. ఆ మనుషులే తెల్లవారుతూనే కిందికి దిగి ఊరి ఆసుపత్రి తుడుస్తారు, బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుడతారు, ఇంకొకళ్ళ గిన్నెలు తోముతారు, చీకటి పడకముందే అదే బస్సులో కునికిపాట్లు పడుతూ పైకొస్తారు. ఊరు వాళ్ళ చేతుల మీద నడుస్తుంది. వాళ్ళు మాత్రం ఆ ఒక్క బస్సు మీద నడుస్తారు. ఈ సంగతి ఏ మంత్రికీ తెలియదని అనుకోకండి. తెలుసు. తెలిసే, చేసేది చేస్తారు.

ఆ బస్సు కండక్టరుని కాలనీలో రైటక్క అంటారు. ఆమె "రైట్ రైట్" అని అరిస్తే కొండ అవతల కుక్కలు లేచి కూర్చుంటాయని ఆమె అత్తే నలుగురికీ చెప్పి నవ్విస్తుంది. ఇల్లు కాలనీలోనే. మొగుడు డిపోలో మెకానిక్కు. జాకీ జారి బస్సు కిందే పోయాడు. ఆ ఉద్యోగం పెళ్ళానికి ఇవ్వమంటే పైవాళ్ళు ఆడమనిషికి ఇవ్వం అన్నారు, చదువు చాలదన్నారు, ఎత్తు చాలదన్నారు. అప్పుడు డిపో గేటు ముందు చాప పరుచుకుని పడుకున్నవాడు ఈ బస్సు డ్రైవరు జెండా. ఒక్క బస్సు బయటికి పోనివ్వలేదు. పోలీసులు కాళ్ళూ చేతులూ పట్టుకుని మోసుకెళ్తుంటే, "నా చెల్లెలికి ఉద్యోగం ఇచ్చేదాకా నన్ను మోస్తూనే ఉండండి, నాకూ హాయిగానే ఉంది" అన్నాడట. ఉద్యోగం వచ్చింది. పరుగెత్తే బస్సులో కాళ్ళు ఎడంగా పెట్టి ఎలా నిలబడాలో, తాగొచ్చినవాణ్ణి ఎలా దించాలో, అన్నీ అతనే నేర్పాడు. సొంత అన్న ఉన్నా అంత చేయడు. యూనియన్ జెండా భుజం దిగదు కనుక అతన్ని అందరూ జెండా అనే పిలిచేవారు. భార్య కూడా.

డిపోలో ఒక అలవాటు ఉండేది. పై ఆఫీసు నుంచి ఏ కాగితం వచ్చినా బోర్డుకి అంటిస్తారు. ఎవరూ చదవరు. ఆ భాష చదివితే తలనొప్పి తప్ప తెలిసేది ఏమీ ఉండదు. టీ వేళకి జెండా బెంచీ ఎక్కి దాని సారం నాలుగు ముక్కల్లో చెబుతాడు. అతను చెప్పిందే సర్క్యులరు. ఇరవై ఏళ్ళుగా అలాగే నడిచింది, ఒక్కసారీ తేడా రాలేదు.

ఆ రోజు కూడా బెంచీ ఎక్కాడు.

"వినండి. సర్కారు సర్వే చేయిస్తోంది. ఏ రూటుకి డబ్బు ఇవ్వాలి, ఏ రూటు ప్రైవేటోడికి పడెయ్యాలి అని. వాళ్ళ మనిషి మన బస్సులోనే కూర్చుని తలలు లెక్కపెడతాడు. ఇక మీకు వేరే చెప్పాలా?"

"చెప్పకపోతే ఎట్లా తెలుస్తుంది, చెప్పు," అన్నారెవరో.

"బస్సు నిండాలి. కిటికీల్లోంచి చేతులు బయటికి రావాలి. అంతే."

తర్వాత రైటక్కని పక్కకి పిలిచాడు. "చెల్లెమ్మా, మిగతా రూట్లు ఎట్లా పోయినా పోనీ. మన కొండ రూటు మీదే నాకు బెంగ. మధ్యాహ్నం పూట ఈగలు తోలుకుంటూ పోతున్నాం. కాలనీవాళ్ళు నీ మాట వింటారు. నింపు."

ఆమెకి అనుమానం రాలేదు. వచ్చే దారే లేదు. కండక్టరు బతుక్కి మొదటి రోజు నుంచీ నూరిపోసేది ఒక్కటే: ఖాళీ సీటు కండక్టరు తప్పు. సీటు ఖాళీగా ఉంటే చెకింగు వాళ్ళు తిడతారు, మేనేజరు తిడతాడు, చివరికి సీటే తిడుతున్నట్టు ఉంటుంది. నిండిన బస్సు మంచిది, ఖాళీ బస్సు చెడ్డది. ఈ మాట ఏ కండక్టరుని నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

ఆ సాయంత్రమే కాలనీ కుళాయి దగ్గర అందరినీ పోగేసింది. బట్టల ఫ్యాక్టరీలో చేసే పిన్ని మొదట మొహం చిట్లించింది.

"పనికి సెలవు పెట్టి ఊరికే బస్సులో తిరగాలా? మా సూపర్‌వైజరుకి ఏం చెప్పమంటావే?"

"ఒక రోజు జ్వరమని చెప్పు పిన్నీ. బస్సు పోతే రోజూ నడిచి దిగాలి. అప్పుడు నిజంగానే వస్తుంది జ్వరం."

"టిక్కెట్టు?"

"కొనాల్సిందే. టిక్కెట్టు లేకుండా కూర్చుంటే లెక్కలోకి రారు."

"మన బస్సుని మనం కాపాడుకోవడానికి మనమే టిక్కెట్టు కొనాలా! భలే సర్కారు."

అప్పుడు అత్త చేతిలో బిందె కింద పెట్టి లేచింది. "నేనెక్కుతా. మోకాళ్ళ నొప్పులని ఎటూ పోక చాలా కాలమైంది. నా కోడలు తిప్పుతానంటే షికారు చెయ్యనా?" అంది. అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళు మాటిచ్చినట్టే లెక్క.

సర్వే మనిషి సన్నగా, సోడాబుడ్డి కళ్ళద్దాలతో ఉన్నాడు. వెనక సీటు మూలలో కూర్చుని, తల ఎక్కినప్పుడల్లా చేతిలో మిషను నొక్కేవాడు. టిక్, టిక్. పాపం, సర్వే జరిగినన్నాళ్ళూ అతని బొటనవేలికి విశ్రాంతి లేదు. కాలనీ మొత్తం కదిలింది. ఎన్నడూ కొండ దిగని ముసలాళ్ళు చెప్పులు వెతుక్కుని మరీ దిగారు. ఫ్యాక్టరీ ఆడవాళ్ళు వంతులు వేసుకుని కూలి పోగొట్టుకున్నారు. ఒకాయన గోడ గడియారం చంకలో పెట్టుకుని దిగాడు, ఎక్కాడు, మళ్ళీ దిగాడు.

"గడియారం ఇంకా బాగవలేదా?" అన్నాడు సర్వే మనిషి.

"బాగైంది సార్. పైకి తీసుకెళ్తే మళ్ళీ ఆగింది. కొండ గాలి పడట్లేదు దానికి."

అత్త ట్రిప్పుకో శాలువా మార్చింది.

"అవ్వా, ఇందాకా మీరే వచ్చారు కదా?"

"నేనెక్కడ? మా అక్క అయ్యుంటుంది బాబూ. అచ్చం నాలాగే ఉంటుంది. కాకపోతే దానికి నోరెక్కువ."

బస్సంతా పగలబడి నవ్వింది. రైటక్క నవ్వు ఆపుకోలేక మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ముందు అద్దంలో జెండా కళ్ళు కనిపించాయి. అతనూ నవ్వుతున్నాడు. మూడో మలుపు దగ్గర ఎప్పుడూ లేనిది హారను రెండుసార్లు కొట్టాడు, పెళ్ళి బస్సు తోలుతున్నట్టు. ఆమెకి కడుపు నిండిపోయింది. మొగుడు పోయాక అంత సంతోషంగా ఉన్న రోజు ఇంకోటి గుర్తు లేదు.

సర్వే అయ్యాక కొన్నాళ్ళకి మేనేజరు కబురు పెట్టాడు. ఆయన గదిలో ఫ్యాను తిరుగుతోంది, గాలి రావడం లేదు.

"రామ్మా. మీ రూటు సొంత కాళ్ళ మీద నిలబడుతుందని తేలింది."

"అయితే ఉంటుందా సార్?"

ఆయన కాసేపు ఆమె మొహంలోకి చూశాడు, ఎగతాళి చేస్తోందేమో అన్నట్టు. "ఎలా ఉంటుంది? సర్కారు డబ్బు ఇచ్చేది దేనికి? మనుషులకి అవసరం ఉండి, నడిపితే నష్టం వచ్చే రూటుకి. మీ రూటుకి ఇన్నాళ్ళూ అలాగే వచ్చింది. ఇప్పుడు లాభంలో ఉందని సర్వే చెప్పింది. కాబట్టి డబ్బు ఆగింది. డబ్బు లేకపోతే కార్పొరేషన్ నడపదు. లాభం ఉన్న రూటు కనుక ప్రైవేటు పర్మిట్టుకి తెరిచారు. అది ఇచ్చేశారు కూడా."

"ఆ ప్రైవేటు బస్సు కొండెక్కుతుందా?"

"కొండ కింద మార్కెట్టు దాకానే పర్మిట్టు. పైకి రమ్మని ఎవరూ బలవంతం చెయ్యరు."

"సార్..." అంది ఆమె. "మా బస్సు ఖాళీగా కనపడి ఉంటే?"

"డబ్బు ఆగేది కాదు. ఎప్పటిలాగే నడిచేది. మామూలుగా నడపండి, ఏమీ దాచకండి అని బోర్డు మీద అంటించాం కదమ్మా. మీ జెండానే అందరికీ వివరించి చెప్పాడన్నారు."

ఆమె బయటికొచ్చింది. డిపో ఆవరణ దాటుతుంటే ఎవరో పలకరించారు, ఏం జవాబు చెప్పిందో తెలియదు. దారి పొడుగునా ఒక్కటే అనుకుంటూ నడిచింది: తప్పు చదివి ఉంటాడు. ఆ దిక్కుమాలిన భాష ఎవరికి అర్థమై చస్తుంది? పాపం అన్న, తొందరలో తప్పు చదివి ఉంటాడు. మనసులో అతని తరఫున తనే వాదించింది, తనే తీర్పు చెప్పుకుంది. పొరపాటైతే చాలు. తిట్టి, ఏడ్చి, ఇద్దరూ కలిసి మళ్ళీ గేటు ముందు పడుకోవచ్చు.

యూనియన్ ఆఫీసుకి తాళం. షెడ్డులో ఉన్నాడన్నారు. ఊరి చివర రంగులు వేసే షెడ్డు అది. లోపల రెండు చిన్న బస్సులు కొత్త రంగుతో తళతళ మెరుస్తున్నాయి. వాటి నెత్తి మీద తన రూటు పేరే రాసి ఉంది. ఒక దాని పక్కన జెండా బావమరిది నిలబడి అద్దం తుడుస్తున్నాడు. ఆమెని చూసి గుడ్డ అక్కడే వదిలేసి వెనక్కి పోయాడు. రంగులాయన మాత్రం పాపం ఏమీ తెలియనివాడు. "జెండాగారి కోసమా? ఇప్పుడే వస్తారమ్మా. పేరు పక్కకి పోయిందేమో చూడు. మీ సర్వే మొదలవ్వకముందే రాయించారు, ఇప్పటిదాకా సరిగ్గా వచ్చిందో లేదో చూడనే లేదాయన," అన్నాడు.

జెండా వచ్చాడు. భుజం మీద జెండా లేదు. అది లేకపోతే ఆ భుజం ఎంత చిన్నగా ఉంటుందో ఆమె మొదటిసారి చూసింది.

"కూర్చో చెల్లెమ్మా."

ఆమె కూర్చోలేదు. రంగులాయన చెప్పింది చెవిన పడ్డాక కూడా, అదుగో, అప్పటికీ అతనికో దారి వదిలింది. "అన్నా, ఆ కాగితం తప్పు చదివావా?"

ఊఁ అంటే అయిపోయేది. ఒక్క అబద్ధం చాలు, నమ్మడానికి సిద్ధంగా నిలబడింది. అతను ఆ మాత్రం దయ కూడా చూపలేదు.

"నేనెప్పుడైనా తప్పు చదివానా?" అన్నాడు.

షెడ్డులో రంగు వాసన ఘాటుగా ఉంది. ఆమెకి కళ్ళు మండాయి. దానివల్లేనని అతన్ని అనుకోనిచ్చింది.

"మా అత్త మోకాళ్ళు పట్టుకుని ఎక్కింది ఆ బస్సు. పిన్ని వాళ్ళు కూలి పోగొట్టుకున్నారు. నవ్వుతూ ఎక్కారు అన్నా. నువ్వు అద్దంలో చూసి నవ్వావు."

"నవ్వొచ్చింది, నవ్వాను. నీ ముందు దాచేదేముంది? ఇవాళ కాకపోతే రేపు ఆ కార్పొరేషన్ మునుగుతుంది. సర్కారే ముంచుతోంది, నేను ముంచట్లేదు. ఎవడో ఒకడు పర్మిట్టు పట్టుకుపోతాడు. ఆ ఎవడో మనవాడే అయితే నష్టమేంటి? ఇన్నేళ్ళు జెండా మోశాను. ఏం మిగిలింది? భుజం మీద కాయ మిగిలింది."

"కాయ నీకు మిగిలింది. మాకు?"

"నీకు ఉద్యోగం ఉంటుంది. మా బావమరిదికి చెప్పాను. నిన్ను రోడ్డు మీద వదిలేస్తానా నేను?"

"కొండ మీద వదిలేస్తావు."

అతనికి కోపం వచ్చింది. "నా మీద అరవకు. నేను గేటు ముందు పడుకోకపోతే నువ్వెక్కడ ఉండేదానివి?"

అంతే, అయిపోయింది. బస్సులు కొన్నందుకు కాదు, అబద్ధం చెప్పినందుకు కూడా కాదు. ఆ చాప మీద పడుకున్న మనిషిని ఆమె ఇన్నేళ్ళూ నెత్తిన పెట్టుకుని తిరిగింది. ఇవాళ అతనే ఆ మనిషిని బాకీ వసూలుకి పంపించాడు. "నువ్వు చచ్చిపోయినా ఇంత ఏడ్చేదాన్ని కాదు అన్నా," అని బయటికి నడిచింది. అన్నా అనే మాట నోటికి అలవాటై ఊడి రాలేదు. దానికి తన మీదే అసహ్యం వేసింది.

మర్నాడు పెద్దాఫీసుకి వెళ్ళింది. పర్మిట్టులు ఇచ్చే అధికారి మర్యాదస్తుడే. కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. ఇలాంటివాళ్ళతోనే జాగ్రత్తగా ఉండాలి.

"ఆ జనం నిజం జనం కాదు సార్. నేను నింపాను. ఒకే మనిషి పదిసార్లు ఎక్కింది."

"టిక్కెట్టు కొన్నారా?"

"కొన్నారు."

"టిక్కెట్టు కొన్నవాళ్ళు ప్రయాణికులేనమ్మా. ఎందుకు ప్రయాణం చేశారని అడిగే హక్కు మాకు లేదు."

"మరి నేను మోసం చేశానంటున్నాను కదా!"

"అది రాసిస్తే మీ మీద చర్య తీసుకుంటాం. సర్వేని పాడు చెయ్యడం నేరమే."

"అయితే ఆ సర్వే చెల్లదు కదా?"

"సర్వే చెల్లుతుంది. మీ ఉద్యోగమే చెల్లదు."

హాస్యానికి అనలేదాయన. నిబంధన చెప్పాడు. అయినా ఆమె రాసిచ్చింది. కాలనీలో ఎవరి పేరూ పెట్టలేదు, తన ఒక్కదాని పేరే పెట్టింది. కార్పొరేషన్ ఆమెని ఇంటికి పంపింది. యూనియన్ ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడాల్సినవాడు బావమరిది బస్సు తోలడానికి లైసెన్సు సరిచూసుకుంటున్నాడు.

కాలనీకి ఎట్లా చెప్పాలో తెలియక అదే కుళాయి దగ్గర నిలబడి చెప్పేసింది. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. గడియారం ఆయన గొంతు సవరించుకుని లేచిపోయాడు. పిన్ని మాత్రం బిందె నిండి పొర్లుతున్నా కుళాయి కట్టకుండా, "అంటే మన చేత్తో మనమే," అని ఆగిపోయింది.

ఇంటికొచ్చాక అత్త అడిగింది. "నీకు ముందే తెలుసా?"

"అత్తా!"

"లేదని నాకు తెలుసు. రేపు బయట ఎవరైనా అడిగితే నీ మొహం ఎట్లా పెడతావో చూద్దామని అడిగా. అట్లా వెలవెలబోకు. దొంగ మొహంలా ఉంది."

కొత్త బస్సు మొదటిసారి వచ్చిన పొద్దున, కాలనీ అంతా నడిచి కొండ దిగింది. మంచు ఇంకా విడవలేదు. ముసలాళ్ళు గోడలు పట్టుకుని, ఫ్యాక్టరీవాళ్ళు చెప్పులు చేత పట్టుకుని దిగారు. మార్కెట్టు దగ్గర బస్సు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. స్టీరింగు ముందు జెండా. కొత్త చొక్కా. రైటక్క పోయి బస్సు ముందు రోడ్డు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

రాత్రంతా ఆలోచించి, వెనక నలుగురైనా కూర్చుంటారనుకుంది. అతను నేర్పిందే కదా ఈ విద్య: ఒకరు కూర్చుంటే పిచ్చి, నలుగురు కూర్చుంటే వార్త.

జెండా దిగలేదు. హారను కొట్టలేదు. చేతులు స్టీరింగు మీద పెట్టుకుని ఊరికే చూస్తున్నాడు. ఎందుకు అరవడం లేదో ఆమెకి కాసేపటికి గానీ అర్థం కాలేదు. జనం ఎక్కుతున్నారు. ఆమె పక్కనుంచి తప్పుకుని, చూపు తప్పించుకుని, ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. సీట్లు నిండాయి. ఆలస్యమైతే గేటు మూసేసే ఫ్యాక్టరీ ఉంది, హాజరు కోసే ఆసుపత్రి ఉంది. కాసేపటికి లోపల్నుంచి గొంతులు లేచాయి.

"లేమ్మా, టైమైపోతోంది!"

"రైటక్కా, మా పొట్ట కొట్టకే తల్లీ!"

అరిచింది జెండా కాదు. ఆమె కాలనీవాళ్ళే. అతను అరవాల్సిన పని వాళ్ళే చేసిపెడుతున్నారు, టిక్కెట్టు కూడా కొని. అద్దంలోంచి అతను ఆమెని చూశాడు. ఈసారి నవ్వలేదు.

పిన్ని దిగి వచ్చింది. ఆమె రెక్క పట్టుకుంది. మొహం ఎర్రగా ఉంది. "లే. మా సూపర్‌వైజరు ఆ జ్వరానికే ఇంకా సాధిస్తున్నాడు. నువ్వు కూర్చుంటే నేను నీ పక్కన కూర్చోవాలి. కూర్చోలేను. అందుకని లే." ఆ మాటకి రైటక్క లేచింది. లేచి పక్కకి జరిగింది. పిన్ని వెనక్కి చూడకుండా ఎక్కింది. బస్సు పోయింది. పొగ పోవడానికి కాస్త సేపు పట్టింది.

రోడ్డు పక్క రాయి మీద అత్త కూర్చుని ఉంది. ఆసుపత్రి తుడిచే పని ఇప్పుడు ఆవిడే చేస్తోంది, కోడలి జీతం ఆగినప్పటి నుంచి.

"నువ్వెక్కలేదేం?"

"చోటు లేదు. ఉన్నా మోకాలు పైకి లేవలేదు. ఏదో ఒకటి, నీకు నచ్చింది అనుకో." అత్త మోకాలు రుద్దుకుంది. "వాళ్ళని తిట్టుకోకు."

"తిట్టుకోవట్లేదు. తిట్టుకోలేకపోతున్నా, అదే బాధ."

"వాడు తిరిగి ఎప్పుడొస్తాడు?"

"ఊళ్ళో వీళ్ళని దించేసి వస్తాడు. ఎండ ఎక్కేసరికి ఇక్కడుంటాడు."

"అప్పుడు లోపల ఎవరుంటారు?"

రైటక్క ఆలోచించక్కర్లేదు. ఈ రూటు మీద ఆ వేళప్పుడు ఊరి నుంచి ఇటు వచ్చేవాడు ఉండడు. "ఎవరూ ఉండరు. వాడొక్కడే."

"అయితే 'లే' అనేవాళ్ళు కూడా ఉండరు కదా," అంది అత్త. రాయి మీద నుంచి దిగి, కోడలి భుజం ఆసరాతో మూలుగుతూ వచ్చి రోడ్డు మధ్యన కూలబడింది. "పనికి ఎటూ ఆలస్యమైంది. వాడి కోసం కూర్చుందాం. వాడితో నాకు నాలుగు మాటలున్నాయి."

రైటక్క ఆవిడ పక్కన కూర్చుంది. రోడ్డు చల్లగా ఉంది. అతను వస్తే ఏమనాలో వెతుక్కుంది. అన్నా అని మాత్రం అనకూడదు. దాని బదులు ఏమని పిలవాలో, ఎండ మోకాళ్ళ మీదికి వచ్చినా ఆమెకి తోచలేదు.